టీచరమ్మ జవాబులు: షికాగో నీలం బ్యాడ్జి

పోయిన నెల ఈ శీర్షికలో ఒకాయనకి జవాబు రాస్తూ, "1983లో షికాగోలో హెరాల్డ్ వాషింగ్టన్ గెలిచినట్టు గెలవాలంటే పోలింగుకి చాలా ముందే ఓటరు లిస్టు పట్టుకోవాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి సంచీడు వచ్చాయి. అందుకని సంధులు, సమాసాలు, మనవడికి 'క్ష'తో పేరు చెప్పమన్నవాళ్ళు, అందరూ వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి. ఈసారి అంతా షికాగోనే.

టి.నగర్ నుంచి ఓ పాఠకుడు: టీచరుగారూ, చెన్నైలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పుకున్న మీకు షికాగో మేయరుతో ఏం పని? అసలు ఎవరాయన?

ఏ పనీ లేదు నాయనా. ఆయన 1983లో గెలిచిన షికాగో మొదటి నల్లజాతి మేయరు. 2018లో మా కోడలి పురిటికని వెళ్ళి షికాగో శివారులో ఆర్నెల్లు ఉన్నాను. పసిపిల్ల పడుకున్నాక నేను గోడలు చూస్తూ కూర్చుంటున్నానని, మా అబ్బాయి శనివారాలు నన్ను ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద లైబ్రరీలో దింపి వెళ్ళేవాడు. దాని పేరే హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీ. మొదట ఈయన జార్జి వాషింగ్టన్‌కి మనవడో మునిమనవడో అనుకున్నాను, నవ్వకండి. 1991లో తెరిచిన ఎర్రటి భవనం. కప్పు మీద పెద్దపెద్ద గుడ్లగూబలు కూర్చుని ఉంటాయి. మనింటి మీద గుడ్లగూబ వాలితే పురోహితుడికి ఫోన్ చేస్తాం. వాళ్ళు చదువుకి గుర్తని డబ్బుపోసి మరీ పెట్టించుకున్నారు.

తొమ్మిదో అంతస్తులో గాజుకప్పు హాలు, అక్కడే ఈయన తాలూకు ఫోటోలు, కాగితాలు. వాటి మధ్య ఆయన ఎన్నికల ప్రచారపు నీలం బ్యాడ్జి ఒకటి. మన బడిపిల్లల చొక్కాకి పెట్టుకునే బిళ్ళంత ఉంటుంది. తెల్ల అక్షరాలు, పైన పొద్దుపొడుపు కిరణాల్లా గీతలు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే అక్కడ కూర్చున్న నల్లజాతి పెద్దావిడ లేచి వచ్చింది. అది వాళ్ళమ్మ దగ్గర కూడా ఉండేదట. చర్చికీ పెట్టుకుని వెళ్ళేదట, చేపలు కొనడానికీ పెట్టుకుని వెళ్ళేదట. ఎన్నిక అయిపోయాక కూడా తీయలేదట. నా ఇంగ్లీషులో మాటల కన్నా చేతులు ఎక్కువ. అయినా ఆవిడ ఓ గంటసేపు చెప్పింది, నేను విన్నాను. తరువాతి శనివారాలన్నీ అక్కడి పుస్తకాలతో సరిపోయాయి.

ఇక మనిషి సంగతి. 1922లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి లాయరు, చర్చిలో ప్రసంగాలు చేసేవాడు, దాంతోపాటు డెమోక్రాటిక్ పార్టీకి బూత్ కెప్టెన్. ఈ బూత్ కెప్టెన్ అనే మనిషిని అర్థం చేసుకుంటే షికాగో రాజకీయం సగం అర్థమైనట్టే. ఎవరింటికి ఉద్యోగం కావాలి, ఎవరి వాకిట్లో చెత్త ఎత్తలేదు, ఎవరి వీధిలో దీపం వెలగట్లేదు, అన్నీ అతనికి తెలుసు. చేసిపెడతాడు. బదులుగా పోలింగు రోజున ఆ నాలుగు వీధుల ఓట్లూ పార్టీకి పడాలి. ఈ ఏర్పాటుకి అక్కడి పేరు 'మెషీన్'. 1955 నుంచి 1976 డిసెంబరులో చనిపోయేదాకా మేయరుగా ఉన్న రిచర్డ్ జె. డేలీ ఆ మెషీనుకి డ్రైవరు. నల్లజాతి వార్డులు కూడా ఆ మెషీనుకి బస్తాలకొద్దీ ఓట్లు పోసేవి. చెత్తబండి మాత్రం ముందు వేరే వార్డులకి వెళ్ళేది.

వాషింగ్టన్ కూడా ఆ మెషీనులో పెరిగినవాడే. యుద్ధానికి వెళ్ళొచ్చి, లా చదివి, 1965 నుంచి రాష్ట్ర శాసనసభలో, 1981 నుంచి దేశ రాజధానిలో కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, సభ్యుడిగా ఉన్నాడు. పోనుపోను మెషీనుతో పడలేదు. డేలీ పోయాక 1977లో ఉపఎన్నిక వస్తే మేయరు పదవికి నిలబడ్డాడు. వచ్చినవి పదకొండు శాతం ఓట్లు. అందుకే 1982లో జనం వచ్చి మళ్ళీ నిలబడమంటే వెంటనే సరే అనలేదు. ముందు యాభై వేలమంది కొత్త ఓటర్లని లిస్టులో ఎక్కించి చూపించండి, తరువాత మాట్లాడదాం అన్నాడు. ఇంటి కోడలు "ముందు గ్యాస్ బుక్ చెయ్యండి, తరువాత బిర్యానీ సంగతి" అన్నట్టు.

వాళ్ళు ఎక్కించారు. దానికి ముందు కోపం రాజుకుని ఉంది. అప్పటి మేయరు జేన్ బర్న్. 1979లో మంచుతుపాను పడి ఊరు స్తంభించిపోతే, మంచు ఎత్తించలేకపోయిన అప్పటి మేయరు బిలాండిక్‌ని ఓడించి, ఆ ఊరికి మొదటి మహిళా మేయరు అయింది. నల్లజాతి ఓట్లు ఆవిడకి బాగా కలిసొచ్చాయి. గద్దెనెక్కాక, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలే ఉండే ప్రభుత్వ ఇళ్ళని చూసే బోర్డులో తెల్లవాళ్ళని మెజారిటీ చేసింది. ఆ వేసవిలో నగరపాలక సంస్థ జరిపే పెద్ద సంగీత ఉత్సవాన్ని జనం బహిష్కరించారు. అక్కడితో ఆగకుండా లిస్టు మీద పడ్డారు. సంక్షేమ సాయం కోసం వచ్చే క్యూల దగ్గర బల్లలు వేసుకుని కూర్చుని పేర్లు రాయించారు. తలనూనెలు, షాంపూలు తయారుచేసే ఎడ్ గార్డ్‌నర్ అనే వ్యాపారి తన డబ్బుతో రేడియోలో ప్రకటనలు వేయించాడు. 'అక్టోబర్ 5న కదలిరండి' అని వాటి సారాంశం. ఆ రోజు నమోదు దినం. మొత్తానికి ఆ ఏడాది లక్షమందికి పైగా కొత్తవాళ్ళు లిస్టులో చేరారు. ఈ లక్షని మనసులో పెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

నవంబరు 10న వాషింగ్టన్ బరిలోకి దిగుతున్నట్టు ప్రకటించాడు.

షోళింగనల్లూరు నుంచి ఓ ఐటీ ఉద్యోగిని: మేడమ్, ఆయనకి ప్రైమరీలో 36 శాతమే వచ్చిందని చదివాను. మిగతా 64 శాతం వద్దన్నట్టే కదా? ఇదేం గెలుపు?

అమ్మాయ్, మన దగ్గర ఎంతమంది ఎమ్మెల్యేలు 36 శాతంతో గెలిచి దండలు వేయించుకోవట్లేదు? ప్రైమరీ అంటే పార్టీ టికెట్టు ఎవరికివ్వాలో ఓటర్లే తేల్చే ఎన్నిక. మన దగ్గర ఆ పని ఒక గదిలో నలుగురు కూర్చుని చేసేస్తారు. 1983 ఫిబ్రవరి 22న డెమోక్రాటిక్ టికెట్టుకి ప్రధానంగా ముగ్గురు పోటీపడ్డారు. పదవిలో ఉన్న జేన్ బర్న్, పాత డేలీగారి కొడుకు రిచర్డ్ ఎం. డేలీ, మన వాషింగ్టన్. తెల్లవాళ్ళ ఓటు మొదటి ఇద్దరి మధ్యా చీలింది. వాషింగ్టన్‌కి 36 చిల్లర, బర్న్‌కి 34కి దగ్గరగా, డేలీకి 30కి దగ్గరగా వచ్చాయి. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళదే టికెట్టు, మళ్ళీ రెండో రౌండు లేదు.

జనవరిలో జరిగిన నాలుగు టీవీ చర్చలు ఆయనకి బాగా పనికొచ్చాయి. అప్పటిదాకా ఆయన్ని గెలవలేని మనిషిగానే చూసినవాళ్ళు, మిగతా ఇద్దరి పక్కన నిలబెట్టి చూశాక ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. మాట మీద పట్టున్న మనిషి. నిఘంటువు మింగినట్టు మాట్లాడతాడు. తెలుగు టీచరుకి నచ్చకుండా ఎలా ఉంటాడు?

పోలింగు ముందు వారాంతంలో పార్టీ జిల్లా అధ్యక్షుడు ఎడ్వర్డ్ వర్డోలియాక్ తమ కార్యకర్తల్ని కూర్చోబెట్టి, డేలీకి వేస్తే వాషింగ్టన్‌కి వేసినట్టే, ఇది జాతికి సంబంధించిన పోటీ, మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి అన్న ధోరణిలో మాట్లాడాడు. అది పత్రికలకెక్కింది. బర్న్‌కి మేలు చేద్దామని అన్న మాట, వాషింగ్టన్ మనుషుల్ని మరింత మందిని ఇళ్ళలోంచి బయటికి రప్పించింది. ఇలాంటివాణ్ణే మా అమ్మ 'ఊళ్ళో పెళ్ళికి తన ఇల్లు తగలబెట్టుకున్నాడు' అనేది.

నీ ప్రశ్నలో పసలేకపోలేదు. ఈ పద్ధతి తరువాత మార్చేశారు. 1999 నుంచి అక్కడ మేయరు ఎన్నికలో పార్టీ ప్రైమరీలు లేవు. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ. 1983లోనే అది ఉండి ఉంటే ఏం జరిగేదో మనం లెక్కలు వేసుకోవచ్చు, కాఫీ చల్లారిపోతుంది అంతే.

రాయపురం నుంచి ఓ పెద్దాయన: అమ్మా, అది డెమోక్రాట్ల కంచుకోట అంటారు. టికెట్టు వచ్చాక గెలుపు నల్లేరు మీద బండి నడకే కదా?

మామూలుగా అయితే అంతేనండి. ఆ ఊళ్ళో రిపబ్లికన్ మేయరు దిగిపోయింది 1931లో. తరువాత మళ్ళీ ఎవరూ గెలవలేదు. రిపబ్లికన్ టికెట్టంటే తద్దినం భోజనానికి పిలుపులాంటిది, ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి కూర్చుంటారు. 1983లో అలా కూర్చున్నాయన బెర్నార్డ్ ఎప్టన్. యూదుడు, లాయరు, రాష్ట్ర సభలో సభ్యుడిగా పనిచేసినవాడు, చాలావరకు ఉదారవాది. ఫిబ్రవరి 23 పొద్దున లేచేసరికి ఈయన వెనక ఊళ్ళో సగం మంది నిలబడి ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ డెమోక్రాట్లకే ఓటేసిన తెల్ల పేటలన్నీ రాత్రికి రాత్రి రిపబ్లికన్లయ్యాయి. డెమోక్రాటిక్ పార్టీ వార్డు నాయకులు కొందరు బాహాటంగా, కొందరు చాటుగా ఆయనకి పనిచేశారు.

ఎప్టన్ ప్రచారంలో టీవీ ప్రకటనల చివర వచ్చే మాట: 'ఎప్టన్, ఆలస్యం కాకముందే'. దేనికి ఆలస్యం? చెప్పరు. చెప్పకపోవడమే దానిలో ఉన్న విషం. ఏ తిట్టూ లేదు, వ్యాకరణ దోషం లేదు. అందరికీ అర్థమవుతుంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో ఒకడి వంక చూసి "పెన్సిళ్ళు జాగ్రత్త పెట్టుకోండి" అనడంలాంటిది. వాడి ముఖం ఎలా మాడిపోతుందో టీచర్లకి తెలుసు.

మార్చి 27, మట్టల ఆదివారం. మాజీ ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్‌ని వెంటబెట్టుకుని వాషింగ్టన్ ఊరి వాయవ్యాన ఉన్న సెయింట్ పాస్కల్ చర్చికి వెళ్ళాడు. బయట జనం మూగి అరుపులు, తిట్లు. చర్చి తలుపు మీద ఎవరో స్ప్రే రంగుతో బూతుమాట, చావమని శాపం రాసిపెట్టారు. ప్రార్థన మధ్యలోనే ఆ పెద్దమనుషులిద్దరూ వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ దృశ్యం దేశమంతా టీవీల్లో చూసింది. ఊళ్ళో అప్పటిదాకా అటూ ఇటూ ఊగుతున్న కొందరు తెల్లవాళ్ళకి అది చూసి సిగ్గేసిందని అప్పటి రాతల్లో కనిపిస్తుంది.

బ్యాడ్జీల గురించి కూడా చెప్పాలి. ఇటువైపు నీలం బ్యాడ్జి అని చెప్పాను కదా. అటువైపు కొందరు పెట్టుకున్నది తెల్ల బ్యాడ్జి. దాని మీద ఏ అక్షరమూ లేదు, ఏ పేరూ లేదు. ఉత్త తెలుపు. లైబ్రరీ పెద్దావిడ దాని గురించి చెబుతూ తన ఖాళీ అరచెయ్యి చూపించింది. నాకు ఒక నిమిషం పట్టింది అర్థం కావడానికి.

మధ్యలో జేన్ బర్న్, బ్యాలెట్‌లో పేరు లేకపోయినా ఓటర్లు చేత్తో రాసి వేసే పద్ధతిలో మళ్ళీ పోటీ చేస్తానని బయలుదేరి, వారం తిరిగేసరికి వెనక్కి తగ్గింది.

ఏప్రిల్ 12న పోలింగ్. నమోదైన ఓటర్లలో 82 శాతం మంది వచ్చారు. మన చెన్నైలో ఏ ఎన్నికలోనైనా ఆ అంకె చూస్తే నేను పాలాభిషేకం చేయిస్తాను. వాషింగ్టన్‌కి 6,68,176, ఎప్టన్‌కి 6,19,926. తేడా 48,250. నల్లజాతి ఓటు దాదాపు గంపగుత్తగా ఆయనకే పడింది, స్పానిష్ మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది వేశారు, తెల్లవాళ్ళలో కొద్దిమంది వేశారు. ఆ కొద్దిమంది లేకపోయినా గెలిచేవాడు కాదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు మనసులో పెట్టుకోమన్న లక్ష తీయండి. ఆరు నెలల ముందు లిస్టులో చేర్చిన పేర్లు, గెలిచిన తేడాకి రెట్టింపుకి పైగా ఉన్నాయి. నేను పోయిన నెల రాసిన వాక్యానికి అర్థం ఇదేనండి.

ఎప్టన్ మీద నాకు కాస్త జాలి. తన ఊరేగింపులో ఎవరెవరు దూరారో చూసి కూడా ఆపలేకపోయాడు. గెలుస్తున్నానని తెలిశాక ఆపడం కష్టం. 1987 నవంబరు 25న వాషింగ్టన్ పోతే, సరిగ్గా 18 రోజులకి ఎప్టన్ కూడా పోయాడు.

నుంగంబాకం నుంచి ఒకరు (పేరు రాయలేదు): మీరు ఆకాశానికెత్తుతున్న మనిషి జైలుకెళ్ళి వచ్చాడు. ఆ మాట ఎందుకు దాచారు?

దాచలేదు, మీరు అడిగేదాకా చోటు రాలేదు. నాలుగేళ్ళు ఆదాయపు పన్ను రిటర్నులు వేయలేదు. 1972లో జైలుశిక్ష పడింది, నెలకి పైగా లోపల ఉన్నాడు. ఎగ్గొట్టిన పన్ను కొన్ని వందల డాలర్లే, జీతంలోంచి ఎక్కువభాగం ముందే పట్టుకున్నారు. కేసు వెనక రాజకీయం ఉందన్నది ఆయన మనుషుల మాట. అయినా కాగితం వేయాలి, వేయలేదు. క్లయింట్ల దగ్గర ఫీజు తీసుకుని పని చేయనందుకు లాయరు లైసెన్సు కూడా కొంతకాలం ఆపారు. ఎప్టన్ ప్రచారమంతా ఈ రెంటి మీదే నడిచింది, అడిగే హక్కూ వాళ్ళకుంది. లైబ్రరీ పెద్దావిడని నేనూ అడిగాను. "మా అమ్మ కూడా బిల్లులు ఆలస్యంగానే కట్టేది" అంది. దాన్ని జవాబుగా మీరు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ ఓట్లు ఎలా పడతాయో అందులో ఉంది.

అంబత్తూరు నుంచి: షికాగో అని రాయాలా, చికాగో అని రాయాలా?

ఆ ఊరివాళ్ళు 'ష' అనే పలుకుతారు. మా అత్తగారు 'చికాగో' అనేది, వివేకానందుడి పుస్తకంలో అలాగే ఉందని. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. రెండూ రాయండి.

హోసూరు నుంచి ఓ పాఠకుడు: గెలిచాక ఏం చేశారో చెప్పండి. గెలిచేదాకా అందరూ రాస్తారు.

గెలిచాక చేతులు కట్టేశారు. ఆ ఊరికి 50 వార్డులు, 50 మంది కౌన్సిలర్లు. అందులో 29 మంది వర్డోలియాక్ వెంట, 21 మంది మేయరు వెంట. ఆ 21లో 16 మంది నల్లజాతివాళ్ళు, ఐదుగురు తెల్లవాళ్ళు. ఏప్రిల్ 29న ప్రమాణం చేశాడు. మే 2న కౌన్సిల్ మొదటి సమావేశం. తన పక్షానికి సంఖ్య లేదని తెలిసి ఆయన సుత్తి కొట్టి సభ వాయిదా అని వెళ్ళిపోయాడు. ఆ 29 మంది కదల్లేదు. వర్డోలియాక్ కుర్చీ దగ్గరికి వెళ్ళి సభ నడిపించి, కమిటీలన్నీ తమవాళ్ళతో నింపేశాడు. కోర్టుకెళితే అదే చెల్లింది. నా ఉద్దేశంలో ఆ రోజు వాకౌట్ చేయడం ఆయన పెద్ద తప్పు. పరీక్ష హాల్లోంచి ఇన్విజిలేటరు బయటికి పోతే ఏమవుతుంది?

మూడేళ్ళు ఇదే గోల. మేయరు పంపిన నియామకాలు కమిటీల్లో మూలుగుతూ పడి ఉండేవి. వాళ్ళు పెట్టిన తీర్మానాన్ని ఆయన వీటో చేసేవాడు. వీటోని తోసిపుచ్చాలంటే 34 ఓట్లు కావాలి, వాళ్ళకున్నవి 29. వీళ్ళు కదలరు, వాళ్ళు కదలరు. దీనికి ఒక హాస్యనటుడు సినిమా పేరులా 'కౌన్సిల్ వార్స్' అని పేరు పెట్టాడు. ఆయన మాత్రం చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయాడు. రాజకీయ సిఫారసు మీద ఉద్యోగాలివ్వడం, పీకేయడం కుదరదనే కోర్టు ఒప్పందం మీద సంతకం చేశాడు. అంటే తన చేతిలోకి వచ్చిన మెషీను తాళంచెవిని తనే విసిరేశాడు. సొంత మనుషులు కొందరు గొణిగారు కూడా, ఇన్నాళ్ళకి మన వంతు వస్తే ఇదేంటని. రోడ్లు, కాలిబాటలు బాగుచేయించడానికి తెచ్చిన డబ్బు తనని తిట్టే కౌన్సిలర్ల వార్డులకీ వెళ్ళింది.

చిక్కుముడి మళ్ళీ లిస్టుల దగ్గరే, అంటే వార్డుల గీతల దగ్గరే విడింది. 1980 జనాభా లెక్కల తరువాత వార్డుల సరిహద్దులు నల్లజాతివాళ్ళకీ స్పానిష్ వాళ్ళకీ బలం తగ్గేలా గీశారని ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది. గీతలు మార్చి, 1986లో ఏడు వార్డులకి ప్రత్యేక ఎన్నికలు పెట్టారు. చివరికి 26వ వార్డులో లూయిస్ గుటియెరెజ్ రెండో రౌండులో గెలవడంతో కౌన్సిల్ 25-25 అయింది. సమానమైతే మేయరుది నిర్ణాయక ఓటు. మొత్తానికి ఆ 1986 వేసవి నుంచి ఆయన నిజంగా మేయరు. 1987 ఏప్రిల్‌లో మళ్ళీ గెలిచాడు, ఈసారి ఓడినవాళ్ళలో వర్డోలియాక్ ఒకడు. నవంబరులో ఆఫీసులో తన బల్ల దగ్గరే గుండె ఆగి పోయాడు. లెక్కేస్తే పూర్తి అధికారం చేతిలో ఉన్నది ఏడాదిన్నర.

వ్యాసర్‌పాడి నుంచి డిగ్రీ చదివే అబ్బాయి: మేడమ్, మా ముత్తాతల కాలంలో ఆంధ్రా నుంచి తెచ్చారట మమ్మల్ని ఈ ఊరు ఊడవడానికి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. షికాగోవాళ్ళు మేయరుకి నేరుగా ఓటేశారు. మేమెందుకు వేయలేం?

బాబూ, మీ నాయనమ్మలు ఊడ్చిన రోడ్ల మీదే నేను ముప్పై ఏళ్ళు బడికి నడిచాను. ఆ సంగతి ఎప్పుడైనా విడిగా రాస్తాను.

నీ ప్రశ్నకి జవాబు: ఒకప్పుడు వేశాం. 1996లో చెన్నై మేయరుకి నేరుగా ఎన్నిక పెట్టారు, ఎం.కె.స్టాలిన్ గెలిచారు. 2001లోనూ అంతే. 2006లో కౌన్సిలర్లే ఎన్నుకునే పద్ధతికి వెళ్ళారు. 2011లో మళ్ళీ నేరుగా. 2016 నుంచి 2022 దాకా అసలు కౌన్సిలే లేదు. 2022లో మళ్ళీ కౌన్సిలర్ల ద్వారా. పద్ధతి ఇలా పిల్లిమొగ్గలు వేస్తూ వచ్చింది. ఆ 2022లో పదవి షెడ్యూల్డ్ కులాల మహిళకి కేటాయించారు, ముప్పై ఏళ్ళు నిండని ఆర్.ప్రియ మేయరయ్యారు. మీ పక్కపేట అమ్మాయే. తారా చెరియన్, కామాక్షి జయరామన్ తరువాత ఈ ఊరికి మూడో మహిళా మేయరు, దళిత మహిళల్లో మొదటివారు. దళిత మేయరంటే మాత్రం ఈ ఊరు 1930లలోనే శివషణ్ముగం పిళ్ళైని చూసింది, షికాగో కంటే చాలా ముందు. ఆ మాట అమెరికాలో మా అబ్బాయి స్నేహితులకి చెబితే నమ్మలేదు.

నేరుగా వేస్తే బాగుంటుందా అంటే, పైన 29-21 కథ చదివావు కదా. నేరుగా గెలిచిన మేయరుకీ కౌన్సిల్లో తలలు లెక్కపెట్టుకోక తప్పలేదు. మన ఊరికి 200 వార్డులు. మీ వార్డు కౌన్సిలరు పేరు నీకు తెలుసా? తెలిస్తే నాకు రాయి.

పోటీ పరీక్షలకి చదువుతున్న ఓ పాఠకురాలు: అమెరికా పెద్ద నగరానికి మొదటి నల్లజాతి మేయరు వాషింగ్టనేనా?

కాదమ్మా, తప్పు రాయకు. పెద్ద నగరాల్లో 1967లో క్లీవ్‌లాండ్‌లో గెలిచిన కార్ల్ స్టోక్స్ పేరు ముందు చెబుతారు. 1973లో లాస్ ఏంజెలెస్‌లో టామ్ బ్రాడ్లీ, డెట్రాయిట్‌లో కోల్‌మన్ యంగ్, అట్లాంటాలో మేనార్డ్ జాక్సన్ గెలిచారు. వాషింగ్టన్ షికాగోకి మొదటివాడు.

ఆవడి నుంచి ఓ పాఠకురాలు: మీరు ఎన్నో పోలింగ్ డ్యూటీలు చేశారని విన్నాను. ఎంతసేపూ లిస్టు, లిస్టు అంటారు. మీకెందుకంత పట్టుదల టీచరుగారూ?

ఏ ఎన్నికో, ఏ బడిలోనో చెప్పను. మధ్యాహ్నం రెండు దాటింది. లిస్టు నా ముందుంది, పేరు చదవడం నా పని. చదివి, ఎర్ర ఇంకుతో గీత పెడతాను. పక్క బల్ల మీద సిరా సీసా.

ఒక పెద్దావిడ వచ్చింది. ఇక్కడి గుడిసెలు తీసేసి ఊరి చివర ఇళ్ళిచ్చారట, రెండు బస్సులు మారి వచ్చింది. ఓటరు కార్డు పాలిథిన్ కవర్లో పెట్టి, కవరుని కొంగుకి ముడేసుకుంది. చీటీ లేదు. కార్డు చూసి లిస్టులో వెతికాను. కనబడలేదు. ఆవిడ పేరు భ-కారంతో మొదలవుతుంది. తమిళంలో ప, బ, భ మూడింటికీ ఒకటే అక్షరం. దానికి తోడు తెలుగు ఇంటిపేరు. రాసినవాడి చెవికి ఎలా వినబడితే అలా ఉంటుందని నాకు అనుభవమే, కాబట్టి నాలుగు రకాలుగా చదువుకుంటూ మళ్ళీ చూశాను. చివర్లో కొత్తగా చేర్చిన పేర్ల పేజీలూ చూశాను. లేదు. ఇల్లు మారారని తీసేసి ఉంటారు. కార్డు ఉన్నా లిస్టులో పేరు లేకపోతే ఓటు లేదు.

తెలుగులో చెప్పాను. తెలుగు వినగానే ఆవిడ ముఖం విప్పారింది, విషయం అర్థమయ్యాక మూసుకుపోయింది. కాసేపు అక్కడే నిలబడి, సిరా సీసా వంక చూసి, "పోనీ చుక్కైనా పెట్టు తల్లీ. కూలి పోగొట్టుకుని వచ్చాను, ఓటేశానని ఇంట్లో చూపించుకుంటాను" అంది.

పెట్టకూడదు. పెట్టలేదు.

"అయితే ఎవర్ని అడగాలి?" అంది. లిస్టులో పేరు చేర్చమని ఇచ్చే దరఖాస్తు, ఫారం 6 అని చెప్పాను. ఆవిడకి చదువు రాదు. ఒక చిత్తుకాగితం చింపి, దాని మీద పెద్దగా 6 అని వేసి ఇచ్చాను. దాన్ని కూడా కార్డుతోపాటు కవర్లో పెట్టి, మడిచి, మళ్ళీ కొంగుకి ముడేసుకుంది. వెనక నుంచి ఏజెంటు "టీచర్, క్యూ పెరిగిపోతోంది" అన్నాడు. నేను తరువాతి పేరు చదివాను.